ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2: మన చేతికి తగ్గ డిఫికల్టీ ఎలా తేల్చుకోవాలి?

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అంటే ఊరు కట్టి, సైన్యం పెంచి యుద్ధం చేసే కంప్యూటర్ ఆట. దాని కొత్త రూపం డెఫినిటివ్ ఎడిషన్‌లో సింగిల్ ప్లేయర్‌లోకి వెళ్లి స్కిర్మిష్ (విడి ఆట) తెరిస్తే ఏఐ (కంప్యూటర్ నడిపే ప్రత్యర్థి) డిఫికల్టీకి ఆరు మెట్లుంటాయి: ఈజియెస్ట్, స్టాండర్డ్, మోడరేట్, హార్డ్, హార్డెస్ట్, ఎక్స్‌ట్రీమ్. చాలామంది ఈ ఒక్కదాన్నే చూస్తారు. గెలిస్తే ఒక మెట్టు ఎక్కుతారు, ఓడితే దిగుతారు. నెల తిరిగేసరికి ఎక్కడ మొదలుపెట్టారో అక్కడే ఉంటారు. ఎందుకంటే మ్యాప్, రాజ్యం, మొదట్లో దొరికే వనరులు, ఆట వేగం, వీటిలో ఏది మారినా అదే మోడరేట్ ఒకరోజు కొండలా, ఒకరోజు నల్లేరు మీద బండిలా ఉంటుంది. ముందు మిగతావన్నీ ఒకచోట బిగించాలి. లెవెల్ సంగతి ఆ తరవాత.

బిగించడం ఇలాగ. ఆటగాళ్లు ఇద్దరే, మీరూ ఒక ఏఐ. మ్యాప్ సైజు టైనీ, మ్యాప్ అరేబియా. రిసోర్సెస్ స్టాండర్డ్, పాప్యులేషన్ 200, మ్యాప్ విజిబిలిటీ నార్మల్, స్పీడ్ నార్మల్. రాజ్యం ఫ్రాంక్స్: గుర్రపు దళానికి 20 శాతం ఎక్కువ ప్రాణం, పొలాల అప్‌గ్రేడ్లు ఉచితం. ఎనిమిది మందితో పెద్ద మ్యాప్ పెట్టకండి. పాత ల్యాప్‌టాప్ అయితే సైన్యాలు పెరిగేకొద్దీ ఆట నత్తనడక నడుస్తుంది, ఓడింది మీరో మెషీనో తెలియదు.

ఏఐ రకం కూడా ఒకసారి చూసుకోండి. డెఫినిటివ్ ఎడిషన్ ఏఐ దొంగాట ఆడదు, మీకున్న వనరులే దానికీ ఉంటాయి. 1999 నాటి పాత సీడీ ఏఐని ఎంచుకుంటే పై లెవెళ్లలో దానికి అదనపు వనరులు అందుతాయి. దానితో ఓడి మీ ఆటనే తప్పు పట్టుకోవద్దు.

ఇప్పుడు ఈజియెస్ట్ పెట్టి ఫ్యూడల్ ఏజ్ (ఆటలో రెండో యుగం) చేరేదాకా మాత్రమే ఆడండి. గెలవడానికి కాదు, మిమ్మల్ని మీరు కొలుచుకోవడానికి. ఆట మొదట్లో ముగ్గురు విలేజర్లు (పనివాళ్లు), ఒక స్కౌట్ (చుట్టుపక్కల చూసొచ్చే రౌతు), 200 ఫుడ్, 200 వుడ్ ఉంటాయి. ఒక విలేజర్‌కి 50 ఫుడ్, 25 సెకన్లు. స్కౌట్‌తో కలిపి మొత్తం 22 మంది కావాలంటే ఇంకా 18 మందిని చెయ్యాలి, అంటే 450 సెకన్లు. మధ్యలో లూమ్‌కి (విలేజర్ల ప్రాణం పెంచే అప్‌గ్రేడ్) మరో 25. విలేజర్లను తయారుచేసే టౌన్ సెంటర్ ఒక్క క్షణం కూడా ఖాళీగా లేకపోతే 7 నిమిషాల 55 సెకన్లకు ఫ్యూడల్ ఏజ్ నొక్కగలరు. అది పూర్తవడానికి 130 సెకన్లు. మొత్తం మీద 10 నిమిషాల 5 సెకన్లు. ఆట ముగిశాక వచ్చే పట్టికలో టెక్నాలజీ పేజీ తెరిస్తే మీరు ఫ్యూడల్ ఎప్పుడు చేరారో కనిపిస్తుంది. ఆ అంకెకూ పది నిమిషాలకూ ఉన్న తేడాయే మీ అసలు లెవెల్.

తేడా ఎక్కువగా రెండుచోట్ల పుడుతుంది. ఒకటి, ఇళ్లు. ఇంటికి 25 వుడ్, ఐదుగురికి చోటు. టౌన్ సెంటర్ ఇచ్చే ఐదుకు తోడు 22 మందికి నాలుగిళ్లు కావాలి. నాలుగోది ఆలస్యమైతే టౌన్ సెంటర్ చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. అలా ఒక నిమిషం పోతే ఇద్దరికి పైగా విలేజర్లు పోయినట్టే. రెండు, తిండి. 18 మందికి 900, ఫ్యూడల్‌కి 500, అంటే 1400 కావాలి, చేతిలో ఉన్నది 200. మొదటి ఆరుగురినీ గొర్రెల మీద పెట్టి, తరవాతి నలుగురిని కట్టెలకు పంపి, ఆపైన అడవి పందిని తేవాలి. పంది ఒక్కటే 340 ఫుడ్. కొత్తవాళ్లు భయపడి దాన్ని వదిలేస్తారు, అక్కడే ఆకలి మొదలవుతుంది. ఒక్క విలేజర్ బాణం వేసి టౌన్ సెంటర్‌కి పరిగెత్తుకు రావాలి, గొర్రెల దగ్గరున్నవాళ్లు కలిసి దాన్ని కొట్టాలి. దూరంగా ఉన్నవాడితో చేయిస్తే పంది వాణ్ని చంపేస్తుంది.

పదకొండు నిమిషాల లోపు ఫ్యూడల్ చేరేవాళ్లు నేరుగా మోడరేట్ పెట్టుకోవచ్చు. పదమూడు దాకా పడితే స్టాండర్డ్. అంతకన్నా ఎక్కువైతే ఈజియెస్ట్‌లోనే ఇళ్లూ పందీ సరిచేసుకోండి. అది నామోషీ కాదు, అక్కడ సరిచేసుకోనిది హార్డ్‌లో ఎలాగూ బయటపడుతుంది. ఐదాటల్లో మూడు గెలిస్తే పైకి వెళ్లండి. ఒక్కసారికి ఒక్క మార్పే, లెవెల్ పెంచినరోజు మ్యాప్ మార్చకండి.

హార్డ్ నుంచి పైకి సమస్య మారుతుంది. ఏఐ ఫ్యూడల్‌లోనే ఇంటిమీదికి వస్తుంది. గుర్రాలొస్తే ఈటెలవాళ్లు (35 ఫుడ్, 25 వుడ్), బాణాలవాళ్లొస్తే స్కిర్మిషర్లు (25 ఫుడ్, 35 వుడ్) కావాలి. ఏం వస్తుందో తెలియాలంటే స్కౌట్ దాని ఊరి చుట్టూ తిరుగుతూ ఉండాలి. ఎక్స్‌ట్రీమ్‌లో ఓడేవాళ్లలో ఎక్కువమంది సైన్యం చాలక కాదు, స్కౌట్‌ని ఒక మూల నిలబెట్టి మరిచిపోయినందుకు ఓడతారు.

ఇంకా ఊపిరాడకపోతే లెవెల్ దించే ముందు మ్యాప్ మార్చి చూడండి. అరీనాలో మొదటి నుంచీ చుట్టూ రాతిగోడ ఉంటుంది, తొలి దాడుల బెడద తగ్గుతుంది. కానీ గోడ శాశ్వతం కాదు. 1757లో బొబ్బిలి కోట ఫిరంగుల ముందు ఏమైందో మన ప్రాంతంలో చెప్పక్కర్లేదు. అరీనాలోనూ గోడలు పగలగొట్టే సీజ్ ఆయుధాలు వచ్చేసరికి లోపల సైన్యం సిద్ధంగా ఉండాలి. ట్రీటీ పెట్టి దాడులు పూర్తిగా ఆపేయడం మాత్రం అలవాటు చేసుకోకండి, కాపలా కాయడం ఎప్పటికీ రాదు.

రాజ్యం కూడా ఒక మెట్టుతో సమానం. చైనీస్‌కి ముగ్గురు విలేజర్లు అదనం, కానీ 200 ఫుడ్ కోత. అంటే చేతిలో సున్నా ఫుడ్‌తో మొదలు. డ్రావిడియన్స్‌కి నైట్లు (బరువైన గుర్రపు దళం) లేరు, కాబట్టి ఫ్రాంక్స్‌తో నేర్చిన ఆట అక్కడ పనికిరాదు. ఇలాంటి రాజ్యానికి మారిన మొదటి వారం ఒక మెట్టు దిగి ఆడండి.

వేగం సంగతి కరెంటుతో ముడిపడింది. నార్మల్ అంటే 1.7 రెట్లు, కాబట్టి ఆట గడియారంలో గంట అంటే మన గోడ గడియారంలో దాదాపు 35 నిమిషాలు. స్లోలో అదే గంట పూర్తిగా గంటే. కరెంటు కోత వేళలు తెలిస్తే ఆ లెక్కన మొదలుపెట్టండి, పెద్ద యుద్ధానికి ముందు సేవ్ చెయ్యండి. చేతివేగం చాలక ఓడుతున్నట్టయితే లెవెల్ దించకుండా 1.5 రెట్లుండే క్యాజువల్ పెట్టుకోవడమే మేలు. ఆలోచన అదే, తొందర తగ్గుతుంది.

సంక్రాంతికి విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో బావమరుదులంతా కలిస్తే ఒకరిమీద ఒకరిని దించకండి. చెయ్యి తిరిగినవాడు రెండాటల్లో గెలుస్తాడు, మూడో ఆటకి పిల్లలు లేచిపోతారు. చెయ్యి తిరిగినవాణ్నీ కొత్తవాణ్నీ ఒక జట్టు చేసి ఎదుట రెండు ఏఐలు పెట్టండి. లెవెల్ బాగా ఆడేవాడి కన్నా ఒక మెట్టు తక్కువ. అరీనా అయితే కొత్తవాడు మొదటి పావుగంటలో చచ్చిపోడు.

క్యాంపెయిన్లకు (కథలా వరసగా సాగే సినారియోలు) లెక్క వేరు. అక్కడ శత్రువుకి ముందే ఊళ్లూ సైన్యాలూ ఉంటాయి కాబట్టి స్కిర్మిష్‌లో హార్డ్ గెలిచేవాళ్లు కూడా మోడరేట్‌తో మొదలుపెట్టడం మంచిది. 2022లో విడిగా వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు ప్యాక్‌లో రాజేంద్ర చోళుడి క్యాంపెయిన్ ఉంది. 11వ శతాబ్దంలో ఆయన సైన్యం గంగ వైపు నడిచింది కళింగం మీదుగానే, వంశధార ఒడ్డున మన ముఖలింగం ఆనాటి తూర్పు గాంగుల కళింగనగరం. ఆ మమకారంతో మొదటి రోజే హార్డ్ పెట్టుకోవద్దు. లెవెల్‌ని ఏ సినారియోకి ఆ సినారియో మొదట్లో మార్చుకోవచ్చు. ఇరుక్కున్నచోట ఒక్కదానికే దించి, తరవాతిదానికి మళ్లీ పెంచుకోండి.