సెక్రటరీ నవల మీద అభిప్రాయం రాయమంటే ఏం రాయాలి, ఎలా రాయాలి

మా పిన్ని వాళ్ళ వాట్సాప్ గ్రూపులో నెలకో నవల చదివి అభిప్రాయం రాయాలని రూల్ పెట్టుకున్నారు, ఆ నెల వంతు యద్దనపూడి సులోచనారాణి గారి సెక్రటరీది. ఇంకేముంది, చదివినోళ్ళూ చదవనోళ్ళూ అందరూ "సూపర్", "ఎవర్ గ్రీన్", "పాత రోజులు గుర్తొచ్చాయి", రెండు దండం బొమ్మలు, అయిపోయింది. ఒకాయన మాత్రం "ఈ కాలంలో ఇవి ఎవరు చదువుతారండీ" అని పెట్టి వెళ్ళిపోయాడు. ఇవేవీ అభిప్రాయాలు కావు, పెళ్ళి భోజనం చేసొచ్చి "వంటలు బాగున్నాయి" అన్నట్టే, ఏ వంట అంటే చెప్పలేరు. అందుకే నాకు తెలిసినంతలో ఎలా రాయాలో చెప్తున్నా, సెక్రటరీకే కాదు, ఏ సిటీ ప్రేమకథకైనా పనికొస్తుంది.

ముందు పుస్తకం మళ్ళీ చదవండి. ఇది చెప్పాలా అంటారు గానీ చెప్పాలి, ఎందుకంటే సగం మందికి గుర్తున్నది నవల కాదు, 1976లో వచ్చిన సినిమా. హీరో రాజశేఖరం అనగానే నాగేశ్వరరావు గారు, ఆయన దగ్గర సెక్రటరీగా చేసే జయంతి అనగానే వాణిశ్రీ గారి పెద్ద కొప్పు, అదే కళ్ళ ముందుకొస్తుంది, పాటలు కూడా నవల్లోనే ఉన్నాయన్నంత నమ్మకంగా మాట్లాడతారు. మీకు గుర్తున్న సీన్ పుస్తకంలో ఏ పేజీలో ఉందో వెతకండి, దొరక్కపోతే అది సినిమాలోది, వదిలేయండి. పుస్తకం దొరకడం కష్టమేం కాదు, ఇప్పటికీ కొత్త ప్రింట్లు వస్తున్నాయి, విజయవాడ ఏలూరు రోడ్డు షాపుల్లో అడగండి. హైదరాబాదులో అయితే ఆదివారం అబిడ్స్ ఫుట్ పాత్ మీద అదృష్టం ఉంటే పాత కాపీ తగులుతుంది, మొదటి పేజీలో ఎవరో ఎవరికో పుట్టినరోజుకిచ్చినట్టు ఇంకుపెన్నుతో రాసుంటుంది చూడండి, అలాంటివి దొరికితే నేనైతే బేరం కూడా ఆడను.

చదివేటప్పుడు చేతిలో పెన్సిల్ ఉంచుకోండి. గొప్ప వాక్యాల కింద గీతలు గీయడానికి కాదు. ఎక్కడ విసుగొచ్చి పేజీ తిప్పేశారో, ఎక్కడ నవ్వొచ్చిందో, ఎక్కడ "ఛీ ఇదేంటి" అనిపించిందో, ఎక్కడ పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదో, అక్కడ పక్కన చిన్న టిక్కు పెట్టుకోండి చాలు. చివరికి ఆ టిక్కులే మీ అభిప్రాయం. నాకైతే మొదటి యాభై పేజీల్లో టిక్కులే లేవు, తర్వాత ఒకే పేజీలో మూడున్నాయి, మూడూ కోపానివే.

ఇంకో ముఖ్యమైన విషయం, మీరు ఎవరు, దీన్ని ఏ వయసులో చదివారు అన్నది మొదట్లోనే చెప్పేయండి. ప్రేమ నవల విషయంలో ఇది లేకపోతే అభిప్రాయానికి అర్థమే ఉండదు. మా పెద్దమ్మ దీన్ని 1960ల్లో పత్రికలో సీరియల్ గా వచ్చినప్పుడు చదివింది, అంటే ఒక భాగం చదివి తర్వాతి సంచిక వచ్చేదాకా రోజూ బావి దగ్గర అందరూ కలిసి "ఏమవుతుందే" అనుకుంటూ చదివిన చదువు. మా అమ్మ అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకుని, రోజు అద్దె పెరిగిపోతుందని ఒక్క రాత్రిలో లాగించేసింది. నేను ఇంటర్ లో ఫిజిక్స్ పుస్తకం మధ్యలో పెట్టి చదివా. మా అక్క కూతురు మొన్న ఫోన్లో ప్రతిలిపి అనే కథల యాప్ లో సీరియళ్ళు వరసగా చదివి చదివి దీనికొచ్చింది, ఆ పిల్లకి రాజశేఖరం లాంటి హీరో వందోవాడు, మా పెద్దమ్మకి మొదటివాడు. ఇద్దరి మాటా నిజమే, కానీ ఎవరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో తెలియకపోతే ఊరికే గొడవ.

ఇప్పుడు అసలు చిక్కు, రాజశేఖరం. ఈ నవల మీద ఎవరు ఏం రాసినా చివరికి ఆయన దగ్గరే ఆగిపోతారు. పాత పాఠకులకి ఆయన కలల రాకుమారుడు, ఆరడుగుల మనిషి, కారు, డబ్బు, తక్కువ మాటలు, లోపల కొండంత ప్రేమ. ఇంకో వర్గం ఉంది, వాళ్ళేమంటారంటే ఇలాంటి హీరోల్ని చూపించి ఒక తరం ఆడపిల్లల బుర్రలు పాడుచేశారు, ఇంటికొచ్చిన మామూలు పెళ్ళికొడుకు ఎవడూ ఆనలేదు అని. రెండూ ఇప్పటికే వెయ్యిసార్లు విన్నాం, మీరు మళ్ళీ రాయక్కర్లేదు. మీరు చేయాల్సింది ఏంటంటే రెండు సీన్లు పట్టుకోండి, ఒకటి ఆయన మీకు నచ్చింది, ఒకటి అస్సలు నచ్చనిది. ఆ రెండిట్లో జయంతి ఏమంది, ఏం చేసింది అది రాయండి. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే మెల్లగా ఆమె గురించి రాయడం మొదలవుతుంది, నిజానికి నవల పేరు కూడా ఆమె ఉద్యోగమే కదా, ఆయన పేరు కాదు.

ఈ కాలం పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకోటుంది, బాస్ తన దగ్గర పనిచేసే అమ్మాయిని ప్రేమించడం ఏంటి అని. అడగండి, తప్పేం లేదు, నేనూ అడిగా. ఆఫీసులో ఆడవాళ్ళ మీద వేధింపుల గురించి సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది 1997లో, చట్టం వచ్చింది 2013లో, ఈ నవల వాటికి ముప్పై ఏళ్ళ ముందుది. అందుకని మాఫీ చేసేయమని కాదు. కానీ "ఇప్పుడైతే హెచ్ ఆర్ కి కంప్లైంట్ చేసేవాళ్ళం" అని ఒక జోక్ వేసి వదిలేస్తే అది అభిప్రాయం కాదు. ఆ అమ్మాయి ఇబ్బంది రచయిత్రికి తెలుసా లేదా, నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం, జీతమిచ్చేవాడి ముందు ఆత్మాభిమానం కాపాడుకోవడం, ఇవి నవల్లో ఎంతవరకు ఉన్నాయి, ఎక్కడ రచయిత్రి జారిపోయి హీరో వైపు వెళ్ళిపోయింది, అది పేజీలు చూపించి చెప్పండి. నా మూడు కోపం టిక్కులు అక్కడివే.

సిటీ సంగతి కూడా ఒక లైను రాయండి, చాలామంది మర్చిపోతారు. హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ కి రాజధాని అయ్యింది 1956లో, ఈ నవల వచ్చేసరికి ఇంకా పదేళ్ళే, కృష్ణా గుంటూరు జిల్లాల్లో చదివిన ఆడపిల్లల్లో చాలామంది ఆ ఊరు చూసి కూడా ఉండరు, వాళ్ళకి ఆ కార్లూ బంగళాలూ పార్టీలూ అన్నీ ఒక వేరే లోకం. రచయిత్రి కూడా కృష్ణా జిల్లా కాజలో పుట్టినావిడే. ఇప్పుడు రోజూ గచ్చిబౌలి ట్రాఫిక్ లో గంటన్నర కూర్చునేవాడికి అదే సిటీ అలా కనపడదు కదా, మీకు ఎలా కనపడిందో చెప్పండి.

ఇక చిన్న చిన్నవి. ముగింపు చెప్పొద్దు, అరవై ఏళ్ళ నాటి పుస్తకమైనా ఈరోజే మొదలుపెట్టే పిల్ల ఒకతి ఉంటుంది. రచయిత్రి జీవితచరిత్ర ఎక్కడ్నుంచో తెచ్చి అతికించొద్దు, ఆవిడ 2018లో అమెరికాలో పోయారని అందరికీ తెలుసు. ఆడవాళ్ళ నవలల్ని వెక్కిరించే "వంటింటి సాహిత్యం" అన్న మాట అసలు వాడొద్దు, ఆ రోజుల్లో ఆడవాళ్ళ నవలలకి ఎంత గిరాకీ అంటే మగ రచయితలే ఆడపేర్లు పెట్టుకుని రాశారు, మరి అప్పుడు వంటింట్లో ఉన్నదెవరో. స్టార్లు ఇవ్వాలంటే ఇవ్వండి కానీ ఎందుకు తగ్గించారో చెప్పండి. పొడుగు గురించి బెంగ వద్దు, పది లైన్లు చాలు.

నేను గ్రూపులో పెట్టింది ఇది: "ఇంటర్ లో చదివినప్పుడు రాజశేఖరం ఎప్పుడొస్తాడా అని పేజీలు తిప్పేశా. ఇప్పుడు నలభై దాటాక చదివితే ఆయన వచ్చినప్పుడల్లా నాకు జయంతి జీతం గుర్తొచ్చింది, ఈ ఉద్యోగం మానేస్తే ఈ పిల్ల నెల ఎలా గడుస్తుంది అని. ఆయన మంచివాడే కావచ్చు, కానీ మూడుచోట్ల ఆయన మౌనం నాకు ప్రేమలా కాదు పొగరులా అనిపించింది. మూడున్నర స్టార్లు, ఆ మూడూ జయంతికి, అర ఆయన కారుకి."

పెట్టిన పది నిమిషాలకి అమ్మ ఫోన్ చేసింది. "జీతం సంగతి నువ్వేదో కొత్తగా కనిపెట్టినట్టు రాశావేంటే, ఆ పుస్తకం చదివే కదా మా వీధిలో నలుగురం ఉద్యోగాల కోసం టైపు లోయర్ పరీక్షకి కట్టింది" అంది. రాజశేఖరం కోసం కాదా అంటే, "వాడు గుడివాడకి ఎందుకొస్తాడే" అని పెట్టేసింది. ఆ మాట కూడా కింద రాసి మళ్ళీ పోస్ట్ చేశా.