జర్మనీలో వేసవి: నీళ్లలో దిగే ముందు

జూన్‌లో ఎండ 30 డిగ్రీలు దాటిందంటే జర్మనీలో ఊరికి ఊరే నీళ్ల ఒడ్డుకు చేరుతుంది. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలూ గుంపుగా బయల్దేరతారు. వెళ్లొద్దని నేను అనను, ఇక్కడి నీళ్ల తీరు తెలుసుకుని వెళ్లమంటాను. ఈ దేశంలో ఏటా 300 నుంచి 400 మంది దాకా నీట మునిగి చనిపోతున్నారు. వాళ్లలో ఎక్కువమంది పోయేది సముద్రంలో కాదు, నదుల్లో, చెరువుల్లో. అందులోనూ మగవాళ్లే ఎక్కువ.

ముందు రైన్ నది సంగతి. ఒడ్డున ఇసుక, మోకాలి లోతు నీళ్లు చూస్తే మన గోదావరి రేవే గుర్తొస్తుంది. కానీ ఇది సరుకు ఓడలు రాత్రింబగళ్లు తిరిగే దారి. పెద్ద ఓడ వెళ్తుంటే ఒడ్డు దగ్గరి నీళ్లు ముందు లోపలికి గుంజుకుపోతాయి, కాసేపటికి అలై తిరిగొస్తాయి. మోకాలి లోతులో ఆడుకుంటున్న పసివాణ్ణి లాక్కుపోవడానికి అది చాలు. ఒడ్డు నుంచి నదిలోకి పొడుచుకొచ్చిన రాతికట్టలు కూర్చోవడానికి బాగుంటాయి గానీ, వాటి కొసల దగ్గర సుడులూ అడుగున గోతులూ ఉంటాయి. డ్యూసెల్డార్ఫ్ నగరం 2025లో రైన్‌లో స్నానాన్నే నిషేధించి జరిమానా పెట్టింది. నిషేధం లేని చోట కూడా అందులో దిగకండని నా మాట.

ఎప్పుడైనా ప్రవాహానికి చిక్కితే ఎదురీదకండి, బలమంతా అక్కడే అయిపోతుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్లు ముందుకు పెట్టి, నీటి వాలునే ఏటవాలుగా ఒడ్డుకు రండి.

ఊరి బావిలోనో కాలువలోనో నేర్చుకున్న ఈత మంచి ఈతే. అయితే ఆ నీళ్లు ఇంత చల్లగా ఉండవు. ఇక్కడ వేసవి మొదట్లో గాలి వేడెక్కినా నీళ్లు వేడెక్కవు. ఒక్కసారి దూకితే మన ప్రమేయం లేకుండానే ఒక్క గుక్కలో ఊపిరి ఎగబీలుస్తాం, ఆ గుక్కలోనే నీళ్లు లోపలికి పోతాయి. కొద్ది నిమిషాల్లో చేతులు మొద్దుబారతాయి. అందుకే ముందు చేతులు, మెడ, ఛాతీ తడుపుకుని మెల్లగా దిగాలి. బీరు తాగి అసలే దిగొద్దు. బవేరియా రాష్ట్రంలో వాల్షెన్‌జే సరస్సు లోతు దాదాపు 190 మీటర్లు, నడి వేసవిలోనూ చల్లగానే ఉంటుంది. కంకర తవ్విన గోతుల్లో నీరు నిండి ఏర్పడ్డ చెరువుల్ని ఇక్కడ బాగర్‌జే అంటారు. ఒడ్డు నుంచి రెండడుగులు వేసేసరికి కాలికి నేల అందకపోవచ్చు. పైన వెచ్చగా తగిలిన నీళ్లు కాస్త కింద మంచులా ఉంటాయి.

కాపలా ఉన్న ఒడ్డునే ఎంచుకోండి. ఎరుపు, పసుపు కలిసిన జెండా ఎగురుతుంటే రక్షకులు ఉన్నారని అర్థం. ఒక్క పసుపు జెండా అయితే ఈత రానివాళ్లకు ప్రమాదం, ఎర్రజెండా అయితే ఎవరూ దిగకూడదు. 1912లో బాల్టిక్ సముద్రం ఒడ్డున బిన్జ్ అనే ఊరి తీరంలో ఓడరేవు వంతెన కూలి జనం మునిగిపోయారు. ఆ మరుసటి ఏడాదే డీఎల్ఆర్‌జీ అనే రక్షణ సంస్థ పుట్టింది, ఈనాటికీ చాలా తీరాల్ని కాసేది వాళ్లే. పిల్లలకు సీప్‌ఫెర్డ్‌షెన్ బ్యాడ్జి వచ్చిందని ధీమాపడొద్దు, అది ఈతలో తొలి మెట్టు మాత్రమే. బ్రాంజ్ బ్యాడ్జి దాకా నేర్పించండి.

మునిగేవాళ్లు చాలాసార్లు కేక కూడా వేయలేరు. స్నేహితుడు మునుగుతుంటే వెంటనే దూకకండి, ఇద్దరూ పోతారు. అత్యవసర నంబరు 112కి ఫోన్ చేసి, తేలేది ఏదైనా విసరండి. రైన్ ఒడ్డున కిలోమీటర్ల అంకెలు రాసిన బోర్డులుంటాయి, ఆ అంకె చెబితే సహాయం వెతుక్కోకుండా వస్తుంది.

ఉత్తర సముద్ర తీరంలో నీళ్లు వెనక్కి పోయాక బురదనేల మీద మైళ్లకొద్దీ నడవచ్చు. గైడ్ లేకుండా వెళ్లకండి. పోటు వచ్చేటప్పుడు మన వెనకున్న పాయలు ముందు నిండి, తిరుగు దారి మూసుకుపోతుంది.

ఇక అడవులు. గాలివాన తర్వాత కొన్నాళ్లు చెట్ల కిందికి పోవద్దు, విరిగి వేలాడే కొమ్మలు పడతాయి. బవేరియా, బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రాల అడవుల్లో త్సెకె అనే పిడుదు పురుగు కుట్టి మెదడువాపు రావచ్చు. దానికి టీకా ఉంది, చలికాలంలోనే మొదలుపెడితే వేసవికి రక్షణ ఉంటుంది. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టు అంచున వెతికి, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని లాగేయండి, నూనె రాయకండి. కొన్ని రోజులకు అక్కడ ఎర్రటి వలయం పెరుగుతున్నా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అడవికి వెళ్లొచ్చిన సంగతి ముందే చెప్పండి.