బతుకమ్మ సీన్ తీసే ముందు కంటిన్యూటీ జాగ్రత్తలు

సద్దుల బతుకమ్మ నాటి జనం మళ్లీ ఏడాదికి గానీ దొరకరు. అందుకే చాలామంది హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర జనమంతా కనిపించే వైడ్ షాట్లు తీసుకుని, క్లోజప్పులు మర్నాడు కాలనీలో లాగిస్తారు. ఆ రెండూ ఒకేసారి తీసినట్టు కలవడమే కంటిన్యూటీ. వేయి స్తంభాల గుడిలో అయితే కేంద్ర పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

మొదట దెబ్బకొట్టేది పూలే. గుమ్మడి పువ్వు మధ్యాహ్నానికే ముడుచుకుంటుంది, తంగేడు రెక్కలు మర్నాటికి రాలతాయి. గునుగు, బంతి నిలుస్తాయి. తంగేడు లేని బతుకమ్మేందని పెద్దమ్మలు అడుగుతారు, అదీ నిజమే. దాన్ని పై వరసలో పెడితే మర్నాడు ఆ ఒక్క వరస మార్చుకుంటే సరిపోతుంది. నీళ్లలో వదిలే షాట్ ఉంటే ఒకే కొలతలో 3 బతుకమ్మలు పేర్చండి, రీటేక్ తప్పదు. బతుకమ్మ ఏ పక్క కెమెరా వైపు ఉందో తెలిసేలా తాంబాళం అంచుకు టేపు ముక్క అతికించండి.

ఎడిటింగ్ టేబుల్ మీద అసలు ఏడిపించేది బతుకమ్మ చుట్టూ ఆడేవాళ్ల వలయం. కెమెరాకు ఇవతల ఉన్నవాళ్లు ఎడమకు పోతుంటే అవతలివాళ్లు కుడికి పోతుంటారు. వైడ్‌లో ఇవతల ఎడమకు నడిచిన అమ్మాయి క్లోజప్‌లో కుడికి నడిస్తే వెనక్కి తిరిగిపోయినట్టే కనిపిస్తుంది. క్లోజప్పులు కూడా వలయానికి అదే పక్కన నిలబడి, ఆమె ఇవతలికి వచ్చినప్పుడే తీయాలి. తేడా వచ్చినా అతుకు వేసుకోవడానికి చేతులు, పాదాలు, పూల షాట్లు విడిగా ఉంచుకోండి. ప్రతి టేక్‌కూ అదే పాట స్పీకర్‌లో పెట్టి, కట్ పడే, అంటే షాట్ మారే చోటుకు ఒక చరణం ముందు నుంచే ఆట మొదలుపెట్టండి. లేకపోతే చప్పట్లు కలవవు.

రెండు రోజులూ ఒకే గంటకు తీయండి, ఆరు దాటితే వెలుతురు చకచకా పడిపోతుంది. కెమెరా తనంతట తానే రంగులు మార్చే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపేసి పగటికి 5600 కెల్విన్ దగ్గర ఆపండి, ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుతురు మోతాదు) కూడా లాక్ చేయండి. సెకనుకు 25 ఫ్రేములకు షటర్ 1/50 సెకను పెడితే మన 50 హెర్ట్జ్ కరెంటుకు ట్యూబులైట్లు మినుకుమనవు. సీరియల్ లైట్లను మాత్రం ముందురోజే పరీక్షించాలి.

కొంగు, బొట్టు, జడలో పూలు ఫోన్‌లో ఫొటో తీయాల్సింది షాట్ మొదట్లో కాదు, చివర్లో. తర్వాతి షాట్ అక్కడి నుంచే మొదలవుతుంది.

పాట లేని జనం సందడిని ఒకేచోట 2 నిమిషాలు ఆపకుండా రికార్డు చేసి, సీన్ మొత్తం కింద పరచండి. పక్క వీధి డీజే మోగుతుంటే డైలాగ్ తీయకండి. ఆ పాట మధ్యలో తెగిన చోటల్లా కట్ దొరికిపోతుంది.