పెరటి రైలు, 4వ పాఠం: రాతి గోడ చెక్కి రంగు వేయడం

పెరట్లో నడిపే మన బుల్లి రైలుకి ఒక బుల్లి స్టేషన్ కడుతున్నాం కదా, పోయిన పాఠంలో దాని బొమ్మ కాగితం మీద గీసుకున్నాం. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఈసారి ముందువైపు గోడ ఒక్కటే చేద్దాం. ఒక గోడతో చెయ్యి తిరిగితే మిగతా మూడూ కష్టమనిపించవు.

మధ్యలో చేరినవాళ్ల కోసం కొలతలు ఇంకోసారి చెబుతాను. మన పట్టాల మధ్య ఎడం 45 మి.మీ. అసలు మీటర్ గేజిలో ఆ ఎడం 1000 మి.మీ. 1968లో జర్మనీలోని న్యూరెంబర్గ్ నుంచి వచ్చిన ఎల్‌జీబీ బ్రాండు తోట బొమ్మ రైళ్లు 1:22.5 నిష్పత్తిని, అంటే అసలు కొలతలో ఇరవైరెండున్నరో వంతుని, ఎంచుకున్నది ఈ లెక్క చూసుకునే. మనకూ అదే సరిపోతుంది. గుంటూరు–గుంతకల్లు లైను బ్రాడ్ గేజి కాకముందు మీటర్ గేజే కదా. గిద్దలూరు, దిగువమెట్ట మీదుగా చిన్న బండ్లు నడిచిన ఆ రోజులను పెరట్లోకి తెచ్చుకోవాలన్నదే నా కోరిక. ఈ నిష్పత్తిలో అడుగు అంటే 13.5 మి.మీ. ఏడడుగుల తలుపు 95 మి.మీ., పదడుగుల గోడ 135 మి.మీ., ముప్పై అడుగుల స్టేషన్ 405 మి.మీ. అవుతాయి. ఒక అట్టముక్క మీద 13.5 మి.మీ.కి ఒక గీటు పెట్టి "అడుగుల బద్ద" తయారుచేసుకోండి. ఇక లెక్కలతో పనుండదు.

గోడకి 5 మి.మీ. మందం పీవీసీ ఫోమ్ షీటు కావాలి. సైన్‌బోర్డులు చేసే షాపుల్లో సన్‌బోర్డు అని అడిగితే ఇస్తారు, తుంపు ముక్కలు చౌకగా దొరుకుతాయి. ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసే పలక), మామూలు ప్లైవుడ్ వద్దు, ఒక్క వానాకాలానికే ఉబ్బిపోతాయి. థర్మకోల్‌ని చీమలు తొలిచేస్తాయి. ఫోమ్ షీటుకి నీళ్లతో బాధ లేదు, దాని శత్రువు ఎండ. 60 డిగ్రీలు దాటిందంటే మెత్తబడడం మొదలవుతుంది. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు, ఇక ఈ షీటు ఎంత! నా మొదటి స్టేషన్‌కి అందంగా ఉంటుందని నల్లటి కప్పు వేశాను. మే నెల మూడో వారానికి అది నడుమ పడిపోయిన మంచంలా కుంగిపోయింది. అందుకే పైరంగు ఎప్పుడూ లేతగా ఉండాలి. చూరు కింద గాలి పోవడానికి చిటికెన వేలు దూరేంత బెజ్జాలు రెండు వదలాలి.

గోడని కాగితం కొలతకి కోయండి. షీటుని ఒక్క దెబ్బకి కోయొద్దు, స్టీలు బద్ద ఆనించి కత్తితో నాలుగైదు సార్లు తేలిగ్గా లాగండి. మూలలు మూలమట్టంతో సరిచూసుకోండి. తలుపు, కిటికీల ఖాళీలు కోశాక ఒక సంగతి కనిపిస్తుంది: గోడ మరీ పల్చగా, అట్టపెట్టెలా ఉంటుంది. పాతకాలపు రాతి గోడ అడుగున్నర మందం ఉండేది. మన కొలతలో అది 20 మి.మీ. కాబట్టి ప్రతి ఖాళీ చుట్టూ లోపలివైపు 15 మి.మీ. వెడల్పు బద్దలు నిలువుగా అతికించండి. పైపులకు వాడే పీవీసీ సొల్యూషన్ చాలు. ఈ పని దగ్గర బద్ధకించొద్దు. ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టే నమూనాకైతే నీడని రంగుతో వేసుకోవచ్చు. తోటలో నీడ వేసేది సూర్యుడు. కిటికీకి లోతు ఉంటే పొద్దున ఒక నీడ, సాయంత్రం ఒక నీడ వాటంతటవే పడతాయి. లోతు లేకపోతే ఎంత మంచి రంగు వేసినా బొమ్మ బొమ్మలానే ఉంటుంది.

ఇప్పుడు రాళ్లు. సిరా అయిపోయిన బాల్‌పెన్ను తీసుకోండి. పెన్సిల్‌తో అడ్డగీతలు తేలిగ్గా గీయండి. వరస ఎత్తు అడుగుకి కాస్త తక్కువ, 11 నుంచి 13 మి.మీ. మధ్య ఉండాలి. అన్ని వరసలూ ఒకే ఎత్తులో ఉంటే ఇటుక గోడలా కనిపిస్తుంది, ఒకటి రెండు వరసలు సన్నగా పెట్టండి. తర్వాత నిలువు గీతలు. కింది వరస అతుకు మీదికి పై వరస అతుకు రాకూడదు. మూలల్లో పెద్ద రాళ్లు, ఒక వరసలో పొడుగ్గా, పై వరసలో పొట్టిగా. తాపీమేస్త్రి అసలు గోడ కట్టేదీ ఇలాగే కదా, లేకపోతే మూల విడిపోతుంది. మీ ఊళ్లో పాత రాతి కట్టడం ఏదైనా ఉంటే వెళ్లి పదినిమిషాలు మూలల్నే చూసి రండి. ఆ పదినిమిషాలు ఈ పాఠమంతటి విలువ చేస్తాయి.

పెన్సిల్ గీతల మీద బాల్‌పెన్ను మొనతో గట్టిగా నొక్కుతూ లాగండి. మిల్లీమీటరు లోతు దిగాలి. అంతకన్నా సన్నని గీత రెండు గజాల దూరం నుంచి కనపడదు. తోటలో రైలుని మనం చూసేది రెండు మీటర్ల దూరం నుంచి, అంటే నమూనా లెక్కలో 45 మీటర్లు. ఆ దూరం నుంచి అసలు స్టేషన్ మీద ఏం కనిపిస్తుందో అదే చెక్కండి. తర్వాత అల్యూమినియం రేకు కాగితాన్ని నలిపి ఉండ చేసి రాళ్ల మీద అద్దండి. అక్కడక్కడా పాత పళ్ల బ్రష్షుతో పొడవండి. నున్నటి షీటు గరుకుగా రాయిలా మారడం చూస్తుంటే నాకు ఇప్పటికీ సంబరంగానే ఉంటుంది.

రంగుకి ముందు సన్న ఉప్పుకాగితంతో పైపైన రుద్ది, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. చేతి జిడ్డు ఉన్నచోట రంగు పొరలుగా లేచిపోతుంది. ప్లాస్టిక్‌కి పట్టే ప్రైమర్ ఒక పూత వేయండి.

రంగులు బయటి గోడలకు వేసే ఎమల్షన్ తెలుపు, దానితోపాటు పెయింట్ల షాపులో దొరికే చిన్న స్టెయినర్ (తెలుపులో కలుపుకునే చిక్కటి రంగు) సీసాలు మూడు: నలుపు, ఎల్లో ఆక్సైడ్, రెడ్ ఆక్సైడ్. ఈ చివరి రెండూ ఇనుము తుప్పు జాతివి. మన ముగ్గుల కావి లాంటివన్నమాట, ఎండకి వెలవవు. మొదట్లో నేను పిల్లల బొమ్మల రంగుల్లోంచి ఎరుపు తీసి తలుపులకు వేశాను, ఒక్క వేసవికే గులాబీ రంగులోకి దిగిపోయింది.

మూడు గిన్నెల్లో తెలుపు పోసుకోండి. మొదటిదానిలో నలుపు చుక్కలు, బూడిద రంగు వచ్చేదాకా. రెండోదానిలో నలుపుతో పాటు కొద్దిగా పసుపు. మూడోదానిలో నలుపుతో పాటు చిటికెడు ఎరుపు. గోడంతా మొదటి గిన్నె రంగు వేసి ఆరనివ్వండి. తర్వాత సన్న కుంచెతో ఐదారు రాళ్లకొకటి రెండో రంగు, పది రాళ్లకొకటి మూడో రంగు. పక్కపక్క రాళ్లకు ఒకే రంగు పడనివ్వొద్దు. ఇంకా చెప్పాలంటే, మీకు బాగుందనిపించినచోట ఆపేయండి. ఎక్కువైతే గోడ చీట్లపేకలా అవుతుంది.

అతుకుల్లో సున్నం కనపడాలి. దీనికి లప్పం వాడొద్దు, షీటు ఎండకి సాగినప్పుడు పెచ్చులూడుతుంది. నలభై సెంటీమీటర్ల గోడ 30 డిగ్రీల తేడాకి ముప్పాతిక మిల్లీమీటరు పెరుగుతుంది మరి. తెల్ల ఎమల్షన్‌లో ఒక్క చుక్క పసుపు కలిపి, చిక్కగానే గోడంతా పూసి, వెంటనే తడిగుడ్డతో రాళ్ల మీదది తుడిచేయండి. గీతల్లోది మిగిలిపోతుంది. ఒకేసారి అరచేయంత మేరే చేయండి, లేదంటే తుడిచేలోపు ఆరిపోతుంది. చివరగా కుంచెకి లేత బూడిద అంటించి, కాగితం మీద దాదాపు పొడి అయ్యేదాకా తుడిచి, రాళ్ల అంచుల మీద తేలిగ్గా ఆడించండి. పైన మెరుపు లేని క్లియర్ కోటు రెండు పూతలు.

చూరు కింద నల్లటి వాన చారలు వేయమంటారా అని అడుగుతుంటారు కొందరు. ఒకటి రెండు చాలు. గోడ అడుగున ఎర్రమట్టి మరకలు మాత్రం అసలు వేయకండి. వాన చినుకు మన నిష్పత్తికి లొంగదు. అసలు స్టేషన్‌కి వాన చిందులు మోకాలి ఎత్తుకి పడితే, మన స్టేషన్‌కి కిటికీలు దాటి చూరు దాకా పడతాయి. మొదటి జడివానకే మట్టి అదే అంటుకుంటుంది, మన పనల్లా దాన్ని తగ్గించడమే. స్టేషన్‌ని నేల మీద కాక నాపరాయి ముక్క మీద నిలపండి. తాండూరుదైనా బేతంచెర్లదైనా పరవాలేదు, కడప నల్లరాయి మాత్రం వేడెక్కుతుంది కాబట్టి వద్దు. చుట్టూ జానెడు మేర చిన్న కంకర పరవండి. గోడల్ని రాతికి అతికించొద్దు. రాతి మీద చిన్న ఫోమ్ దిమ్మె అతికించి, స్టేషన్‌ని దాని మీద టోపీలా తొడగండి. సాగడానికి చోటుంటుంది, తీసి కడుక్కోవడమూ తేలిక.

ఈ వారం అభ్యాసం: అసలు గోడ మొదలుపెట్టే ముందు జానెడు ముక్క మీద ఇవన్నీ చేసి చూడండి. దాన్ని డాబా మీద ఎండ బాగా తగిలేచోట పెట్టి, సగాన్ని రేకుముక్కతో కప్పి కట్టేయండి. నెల తర్వాత రేకు తీసి రెండు సగాలూ పక్కపక్కన చూడండి. తేడా తెలియకపోతే ఆ రంగులతోనే గోడ చేయండి. తెలిస్తే, వెలిసింది ఏ గిన్నెదో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో బెంగుళూరు పెంకుల కప్పు వేస్తాం. ఒక్కో పెంకు 18 మి.మీ. పొడవు, 10 మి.మీ. వెడల్పు, మొత్తం కొన్ని వందలు కావాలి. రెండు మి.మీ. షీటు ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి.