ఆర్ట్ రూమ్ సింకు జామ్ కాకూడదంటే

బడిలో ఆర్ట్ క్లాసు అయ్యాక సింకులోకి పోయేవి బంకమట్టి, ప్లాస్టర్, రంగులు, ఫెవికాల్. చూడ్డానికి నీళ్లలో కలిసిపోయినట్టే ఉంటాయి గానీ మట్టి, ప్లాస్టర్ కరగవు. నీళ్లు నిలిచే చోటు దొరకగానే అడుక్కి దిగుతాయి. సింకు కింద పైపుకి ఉండే సీసాలాంటి గిన్నెలో, అంటే బాటిల్ ట్రాప్‌లో, ఎప్పుడూ నీళ్లుంటాయి కాబట్టి మడ్డి ముందు అక్కడే పేరుకుంటుంది. అది ట్రాప్‌లో కాకుండా బకెట్లో దిగేలా చూసుకుంటే చాలు.

నలభై మంది క్లాసుకు 20 లీటర్ల బకెట్లు మూడు పెట్టండి. ముందు పాలెట్‌నీ కుంచెనీ పాత న్యూస్‌పేపర్‌తో తుడిపించండి. సగానికి పైగా రంగు కాగితానికే పోతుంది. ఆ తర్వాత మొదటి బకెట్లో కడగాలి, రెండోదాంట్లో జాడించాలి, మూడోదాంట్లో ఆఖరి కడుగు. చేతులు కూడా ఇదే వరసలో. కుళాయి దగ్గరికి వెళ్లేది ఇవన్నీ అయ్యాకే. మూడు బకెట్లూ సింకుకి దూరంగా, తలుపు వైపు పెట్టండి. పక్కనే ఉంటే పిల్లలు నేరుగా కుళాయే తిప్పుతారు.

బకెట్లను రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున పైన తేరిన నీళ్లు మగ్గుతో తీసి పారబోయండి. అడుగు రెండంగుళాలు ముట్టుకోవద్దు. ఆ మడ్డిని పాత గోనెసంచి మీద పోసి ఎండబెట్టి చెత్తలో వేయాలి. ఉత్త బంకమట్టి అయితే మళ్లీ మట్టి డబ్బాలోకే. వినాయక చవితికి మట్టి బొమ్మలు చేయించే వారమంతా సింకు మీద పలక పెట్టి మూసేయడమే మేలు.

అక్రిలిక్ రంగు నీళ్లు రాత్రంతా ఉంచినా తేరవు. 20 లీటర్లకు 25 గ్రాముల పటిక పొడి వేసి బాగా కలిపి, తర్వాత అంతే తూకం పొడి సున్నం కలపండి. రంగు ముద్దలు ముద్దలుగా విరుగుతుంది. అప్పుడు పాత కాటన్ గుడ్డలో వడకట్టండి. ఈ పని పెద్దవాళ్లే చేయాలి, సున్నం కళ్లలో పడితే ప్రమాదం.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విషయంలో మాత్రం మొహమాటం వద్దు: ఒక్క చుక్క కూడా సింకులోకి పోకూడదు. అది ఎండి గట్టిపడేది కాదు, నీళ్లతో కలిసి గట్టిపడేది. అందుకే ట్రాప్‌లో నీళ్లలో మునిగి ఉన్నా రాయవుతుంది. వంగే ప్లాస్టిక్ గిన్నెలోనే కలపండి. మిగిలింది గిన్నెలోనే వదిలేస్తే ఓ అరగంటలో బిగుస్తుంది, గిన్నె నొక్కితే పెళ్లలుగా ఊడొస్తుంది.

సింకు కింద మడతలు మడతలుగా సాగే పైపు ఉంటే తీయించేయండి. ప్రతి మడతలోనూ మట్టి కూర్చుంటుంది. దాని బదులు లోపల నున్నగా ఉండే 40 ఎం.ఎం. పీవీసీ పైపు, మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలుతో వేయించాలి. బాటిల్ ట్రాప్ కింది గిన్నె చేత్తో విప్పేలా ఉండాలి. పదిహేను రోజులకోసారి కింద బకెట్ పెట్టి విప్పండి, మడ్డిని ఆ బకెట్లోనే వదిలేయండి (అదే సింకులో కడిగేవాళ్లూ ఉంటారు!). రబ్బరు వాషరు సరిగ్గా కూర్చోబెట్టి, చేత్తోనే బిగించండి. పానా వాడితే ప్లాస్టిక్ మరలు అరిగిపోతాయి. తర్వాత నీళ్లు వదిలి, పొడి కాగితంతో తడిమితే కారుతోందో లేదో తెలుస్తుంది.

కాస్టిక్ సోడా ఉండే డ్రైన్ పొడులు జిడ్డుకీ జుట్టుకీ పనికొస్తాయి. మట్టినీ ప్లాస్టర్‌నీ అవి ఏమీ చేయలేవు. పైగా ఆ ఘాటు నీళ్లు ట్రాప్‌లో నిలిచి ఉంటే, తర్వాత విప్పేవాళ్ల చేతులు కాలతాయి. దాని మీద యాసిడ్ పోయడం మరీ ప్రమాదం.

నీళ్లు నిలిచిపోతే ముందు ట్రాప్ విప్పి చూడండి. అది ఖాళీగా ఉంటే అడ్డం గోడలోని పైపులో ఉన్నట్టు. ప్లంబర్‌ని పిలిచినప్పుడు ప్లాస్టర్ పడి ఉంటే ఆ మాట ముందే చెప్పండి. బిగిసిన ప్లాస్టర్ స్ప్రింగు వైరుకి లొంగదు, సాధారణంగా ఆ ముక్క కోసి కొత్త పైపు వేయాల్సిందే.