టీబీ నివారణ మందుకు రిమైండర్: ఏఆర్‌టీ సెంటర్‌లో ఎలా పెట్టాలి

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీసేది టీబీయే. అది రాకుండా ఆపే మందు ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు) ఇచ్చే సెంటర్లలో ఉచితంగానే ఇస్తారు. ఐసోనియాజిడ్, బీ6 మాత్రలు రోజూ ఆరు నెలలు వాడడం ఒక కోర్సు. ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికోసారి 12 వారాలు వేసుకునే 3హెచ్‌పీ ఇంకో కోర్సు. దక్షిణాఫ్రికాలోని ఖయేలిత్షాలో ఏఆర్‌టీ వాడేవాళ్లకు ఏడాదిపాటు ఐసోనియాజిడ్ ఇచ్చి చూస్తే టీబీ 37 శాతం తగ్గిందని 2014లో తేలింది. అయినా ఓపీలో ఈ మందు జారిపోతూనే ఉంటుంది. డాక్టర్లకు తెలియక కాదు. సోమవారం కారిడార్ కిటకిటలాడుతుంటే, ఉన్న కాసిన్ని నిమిషాల్లో బరువు, వైరల్ లోడ్, మందుల లెక్క, ఇంటి గొడవలు అన్నీ వినాలి. దగ్గే లేని మనిషికి టీబీ మందు సంగతి ఎవరికి గుర్తొస్తుంది?

నేను డేటా మేనేజర్‌ని. పై నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో నేను మార్చగలిగింది ఏమీ లేదు. అందుకే పక్కన ఒక ఎక్సెల్ షీటు పెట్టుకున్నాను. మీరూ అలాగే మొదలుపెట్టండి. పేరు వద్దు, ఏఆర్‌టీ నంబరు చాలు. ఫైలుకు పాస్‌వర్డ్ తప్పనిసరి. తర్వాతి కాలమ్స్ ఇవి: వాడుతున్న ఏఆర్‌టీ మందులు, నివారణ మందు మొదలైన తేదీ, ముగియాల్సిన తేదీ, ఇవ్వకపోతే కారణం, మళ్లీ ఎప్పుడు అడగాలి. ఆరు నెలల కోర్సుకు ముగింపు తేదీని ఎక్సెల్‌లోని ఈడేట్ (EDATE) ఫార్ములా తానే వేసేస్తుంది. మొదలైన తేదీ, కారణం రెండూ ఖాళీగా ఉంటే ఆ వరుస పసుపు రంగులోకి మారేలా పెట్టండి.

అసలు కీలకం ఆ పసుపు రంగు ఎవరికి, ఎప్పుడు కనపడుతుందన్నది. ఫార్మసీ కిటికీ దగ్గర తెలిస్తే లాభం లేదు. అప్పటికి పేషెంటు బస్సు టైమ్ చూసుకుంటుంటాడు, మళ్లీ డాక్టరు గది ముందు క్యూలో నిలబడమంటే నిలబడడు. ఓపీ మొదలవకముందే ఆ రోజు రావాల్సిన వాళ్ల లిస్టు తీసి, పసుపు వరుసల వాళ్ల వైట్ కార్డుల (సెంటర్‌లో ఉండే పేషెంటు రికార్డు) మీద చీటీ పెట్టండి. డాక్టరు గారి టేబుల్ మీద కంప్యూటర్ ఉంటే ఇంకా మంచిది, షీటు అక్కడే కనపడుతుంది.

చీటీలో 'మందు ఇవ్వండి' అని రాయకండి. ప్రశ్న రాయండి: దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, వీటిలో ఏదైనా ఉందా? పిల్లలకైతే బరువు సరిగ్గా పెరుగుతోందా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అన్నవి కూడా చేర్చండి. ఒక్కదానికి 'ఉంది' అన్నా నివారణ మందు ఆపి ముందు సీబీనాట్‌కో ట్రూనాట్‌కో (టీబీని పట్టే పరీక్షలు) పంపాలి. జబ్బు ఉన్నవాళ్లకు ఐసోనియాజిడ్ ఒక్కటే ఇస్తే ఆ మందు పనిచేయని టీబీ తయారయ్యే ప్రమాదం ఉంది. అన్నీ 'లేదు' అయితే మందు రాయాలి, లేదంటే ఎందుకు రాయలేదో రాయాలి. మూడో దారి ఉండకూడదు.

కారణాలు కూడా టైపు చేయనివ్వకండి, డ్రాప్‌డౌన్ ఇవ్వండి. లివర్ సమస్య, రోజూ తాగుడు, కాళ్ల తిమ్మిర్లు, టీబీ చికిత్స నడుస్తోంది, పేషెంటు వద్దన్నారు, స్టాకు లేదు. 3హెచ్‌పీ అయితే గర్భిణి, ఏఆర్‌టీలో లోపినావిర్ లేదా అటజానావిర్ లేదా నెవిరాపిన్ వాడుతున్నారు అన్నవి కూడా కలపాలి. ప్రతి కారణం పక్కన మళ్లీ అడిగే తేదీ ఉండాలి, లేకపోతే 'వద్దన్నారు' అన్న మాట జీవితాంతం అలాగే ఉండిపోతుంది. ఇష్టం లేదన్న మనిషి కౌన్సెలర్ అక్క ఇంకోసారి కూర్చోబెట్టి చెబితే ఒప్పుకోవడం మామూలే.

స్టాకు లేని రోజుల్లో చీటీలు ఆపేయండి. చేయలేని పనిని పదేపదే గుర్తుచేస్తే, స్టాకు వచ్చాక కూడా ఎవరూ వాటిని చూడరు.

ఇక పేషెంటు ఫోను. ముందు అడగాల్సింది, 'ఈ ఫోను ఎవరి చేతిలో ఉంటుందమ్మా?' అని. చాలా ఇళ్లలో అది కొడుకు దగ్గరో భర్త దగ్గరో ఉంటుంది. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచడం మన బాధ్యత. అందుకని అనుమతి రాసి తీసుకోండి. మెసేజ్‌లో టీబీ, ఏఆర్‌టీ, ఆసుపత్రి పేరు ఏదీ ఉండకూడదు. 'రేపు గురువారం, మర్చిపోవద్దు' అంటే చాలు, అర్థం కావాల్సినవాళ్లకు అర్థమవుతుంది. వాట్సాప్ గ్రూపు మాత్రం పెట్టనే పెట్టకండి, అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. చదవడం రానివాళ్లకు ఫోన్ చేయడమే మేలు.

నా అనుభవంలో మెసేజ్ కన్నా బాగా పనిచేసేది వాళ్ల ఫోన్లోనే పెట్టిన అలారం. కౌన్సెలింగ్ గదిలో వాళ్ల చేతే పెట్టించండి, పేరు 'పాల బిల్లు' అని పెట్టుకున్నా పర్లేదు. 3హెచ్‌పీ వాడేవాళ్లకు రోజు ముఖ్యం. ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లు ఆదివారమే ఎంచుకుంటారు. కూలికి వెళ్లేవాళ్లకు ఆ రోజు సెలవు ఉందో లేదో అడగండి. మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పండి, లేకపోతే మొదటి డోసుకే టెన్షన్ పడి మానేస్తారు.

మూడు నెలల ఏఆర్‌టీ ఒకేసారి తీసుకెళ్లేవాళ్లకు నివారణ మందు కోసం ప్రతినెలా రమ్మనడం అన్యాయం. రెండూ ఒకే తేదీకి సరిపడేలా ఇచ్చి, మధ్యలో నెలకోసారి ఫోన్ చేయండి. అరికాళ్లలో తిమ్మిర్లు ఉన్నాయా, కళ్లు పచ్చబడ్డాయా, వాంతులవుతున్నాయా అని అడగండి. 'అవును' అంటే మాత్రలు ఆపి వెంటనే సెంటర్‌కు రమ్మని చెప్పాలి.

బెంగళూరుకో హైదరాబాద్‌కో పనికి వెళ్లేవాళ్లు సిమ్ మారుస్తారు. ప్రయాణం సంగతి చెప్పగానే రెండో నంబరు తీసుకుని, గ్రీన్ బుక్‌లో (పేషెంటు దగ్గరే ఉండే పుస్తకం) మందు మొదలైన తేదీ, మిగిలిన డోసులు రాసివ్వండి. అక్కడి సెంటర్ వాళ్లకు ఆ పేజీయే ఆధారం.

చివరి రిమైండర్ 'ఆపండి' అని. కోర్సు అయిపోయినా అలవాటు కొద్దీ మాత్రలు వేసుకునేవాళ్లున్నారు. ముగింపు తేదీ రాగానే ఫోన్ చేసి చెప్పి, ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో పూర్తయినట్టు ఎంట్రీ వేసి, ఆ వరుసను పచ్చ రంగులోకి మార్చండి. ప్రతి విజిట్‌లో ఆ నాలుగు ప్రశ్నలు మాత్రం పచ్చ వరుసల వాళ్లనూ అడగాల్సిందే.