మిటిగేట్: పక్కన ఏ మాట ఉందో చూసి వాడండి

గవర్నర్‌పేటలో బ్యాంకు పరీక్షలకి వెళ్ళే పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. వాళ్ళ వ్యాసాల్లో నా ఎర్రసిరా ఎక్కువగా పడేది మిటిగేట్ అన్న మాట మీదే. డిక్షనరీలో 'తగ్గించు' అని చూస్తారు, తగ్గేది ఏది కనపడినా దానికి తగిలించేస్తారు. ఒకరు బరువు మిటిగేట్ చేస్తారు, ఇంకొకరు బంగారం ధర మిటిగేట్ చేస్తారు.

ఎండాకాలం మన బెజవాడలో సిగ్నళ్ళ దగ్గర పైన గ్రీన్ మ్యాట్ కడతారు కదా. ఎండ ఎండలాగే ఉంటుంది, బండి మీద ఆగినవాడికి నడినెత్తి మాడటం మాత్రం తగ్గుతుంది. మిటిగేట్ చేసే పని ఇదే. చెడు ఉంటుంది, దాని దెబ్బ తగ్గుతుంది. 'షేడ్ నెట్స్ మిటిగేట్ ది ఎఫెక్ట్స్ ఆఫ్ ది హీట్' అని రాస్తే చక్కగా కుదురుతుంది. కాబట్టి ముందు దాని పక్కన వచ్చే నామవాచకం చూడండి. రిస్క్, డ్యామేజ్, ఇంపాక్ట్, ఎఫెక్ట్స్ లాంటివి ఉంటే ధైర్యంగా వాడండి. మనిషినీ, మంచినీ మిటిగేట్ చేయలేం.

వ్యాసం వాతావరణ మార్పు మీదైతే ఇంకా జాగ్రత్త. 2015 పారిస్ ఒప్పందం భాషలో మిటిగేషన్ అంటే కర్బన ఉద్గారాలను తగ్గించడం. వేడికి తట్టుకునే ఏర్పాట్లు చేసుకోవడం అడాప్టేషన్. సోలార్ ప్యానెల్ మొదటి దాని కిందకి, ఇందాకటి గ్రీన్ మ్యాట్ రెండో దాని కిందకి వస్తాయి. ఇక్కడ కలిపేస్తే విషయం తెలియదనుకుంటారు.

2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచింది, మనందరికీ గుర్తే. అసలు నీళ్ళే ఇంట్లోకి రాకుండా గట్టు ఆపగలిగితే అది ప్రివెంట్. నీళ్ళు వచ్చినా నష్టం తక్కువయ్యేలా ముందే సామాను పై అంతస్తుకి చేర్చుకుంటే మిటిగేట్. మిద్దెల మీద చిక్కుకున్నవాళ్ళకి అన్నం, నీళ్ళు అందించి బాధ తగ్గిస్తే అలీవియేట్. బాధ, నొప్పి, పేదరికం పక్కన నేను ఎప్పుడూ అలీవియేట్‌నే ఎంచుకుంటాను. 'కంప్లీట్‌లీ మిటిగేట్' అని రాయాలనిపిస్తే ఆగండి. పూర్తిగా పోయినదానికి ఎలిమినేట్ ఉంది.

'మిటిగేట్ అగైనెస్ట్' అని అచ్చులో కనపడినా మీరు రాయకండి. అగైనెస్ట్ కోరుకునేది మిలిటేట్, అంటే ఒకదానికి అడ్డుగా పనిచేయడం. మిటిగేట్‌కి మధ్యలో ఏ ముక్కా అక్కర్లేదు.

కోర్టు వార్తల్లో 'మిటిగేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్' అని చదువుతుంటారు. నేరం రుజువైంది, శిక్ష తీవ్రత తగ్గించడానికి తగిన పరిస్థితులు ఉన్నాయని అర్థం. మరణశిక్ష వేసేముందు వీటినీ తూచాలని 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 'అన్‌మిటిగేటెడ్ డిజాస్టర్' అంటే తీవ్రత ఇసుమంతైనా తగ్గని విపత్తు. చాలా ఘాటైన మాట, బ్యాంకు మేనేజరుకి రాసే ఉత్తరంలో మాత్రం వద్దు.